రుచిలేని భోజనమునకు కృతజ్ఞతాస్తుతి

మన క్రైస్తవ గృహములలో అనేకచోట్ల భోజనపు బల్ల ఎదుట గోడకు ఒక పలక వ్రేలాడుచుండును. క్రీస్తు కంటికి కనబడకుండ ఆ బల్లయొద్ద ఉన్నాడనియు, అక్కడి మాటలన్నియు ఆయన చెవిని పడుచున్నవనియు అది ఇంటివారికి జ్ఞాపకము చేయుచుండును. ఆయన ఉన్నాడను మాట మనకు ఆదరణగా తోచును. ఆయన వినుచున్నాడను మాటను మాత్రము మనము అంతగా తలపోయము. కన్నులు మూసికొని ఆహారము నిమిత్తము దేవుని స్తుతించిన నోరే, కన్నులు తెరచిన మరుక్షణమున “పప్పులో ఉప్పు లేదు, అన్నము మాడినది” అని పలుకుచున్నది. ఆ రెండు మాటలను వినువాడు ఒక్కడే. వాటిలో ఏది నిజము? స్తుతి నిజమైనచో తరువాతి మాట కృతఘ్నత కాదా? తరువాతి మాట నిజమైనచో స్తుతి అబద్ధము కాదా?

ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చును. కాని మనుష్యుడు దినమునకు రెండు మూడు పర్యాయములు భోజనమునకు కూర్చుండును. కావున ఈ విషయమున అబద్ధమునకు అలవాటుపడినవాడు దినమునకు రెండు మూడు పర్యాయములు ప్రార్థనయందే అబద్ధమాడుటకు అలవాటుపడును. సణుగుటకు అలవాటుపడినవాడు బల్లయొద్ద నేర్చిన ఆ భాషనే కుటుంబములోను, సంఘములోను, తుదకు దేవుని సన్నిధిలోను మాటలాడును. రుచిలేని భోజనము ఎదురైనప్పుడు విశ్వాసి నోట ఏ మాట రావలెను అను ప్రశ్న వంటయింటితో ముగియునది కాదు.

దీనికి మనలో సాధారణముగా రెండు జవాబులు వినబడును. భక్తిగలవాడు దేనినైనను “బాగున్నది” అనవలెనని కొందరందురు. ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే ధర్మమనియు, చెడ్డదానికి స్తుతి చెల్లించుట వేషధారణమనియు మరికొందరందురు. మొదటివారు కృతజ్ఞతను కాపాడబోయి సత్యమును విడిచిపెట్టుచున్నారు. రెండవవారు సత్యమును కాపాడబోయి కృతజ్ఞతను విడిచిపెట్టుచున్నారు. ఈ రెంటిని కలిపి పట్టుకొనుట సాధ్యమా? దీనిని విచారించుటకు, నేను ప్రయాణములో చూచిన ఒక సంగతి ఉపకరించును.

కొన్ని సంవత్సరముల క్రిందట, అమెరికా దేశములోని టెక్సాసు రాష్ట్రమున, డాలస్ నగరములో బైబిలు అనువాదకుల సమావేశము ఒకటి ముగిసిన పిమ్మట, సాన్ ఆంటోనియో నగరములోని తెలుగు విశ్వాసుల కూడికకు కారులో పోవుచుంటిమి. డాలస్ పరిసరములలో ఇప్పుడు వేలకొలది తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. కారు నడుపుచున్న యువకుడు అట్టి కుటుంబమువాడే. గుంటూరు జిల్లానుండి వెళ్లి అక్కడ ఇంజనీరుగా స్థిరపడినవాడు. మాతోకూడ ఒక వృద్ధ పాదిరిగారు కూడ ఉండిరి. ఆయన కోస్తా జిల్లాలలో 40 సంవత్సరములు సేవచేసి విరమించి, కుమార్తెను చూచుటకు వచ్చియుండెను. దారి సుమారు 440 కిలోమీటర్లు. మధ్యాహ్నము మూడు గంటల వేళ ఆకలిగొని, రహదారి ప్రక్కన బార్బెక్యూ అమ్ము ఒక సాదా భోజనశాలయొద్ద ఆగితిమి.

బార్బెక్యూ అనగా మనవారు నిప్పులమీద మాంసము కాల్చుకొనుటవంటిదే అని పాఠకులు తలంచవచ్చును. టెక్సాసువారి పద్ధతి వేరు. అక్కడ దానికి ప్రధానమైనది బ్రిస్కెట్ అను పశువు రొమ్ముమాంసము. ఆ కండ పశువు శరీరభారమును మోయునది గనుక మిక్కిలి గట్టిగా ఉండును. దానిని మంటమీద పెట్టరు. ఓక్ కట్టెల పొగయు మందమైన వేడియు తగులునట్లు, సుమారు 110 మొదలు 120 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో 12 గంటలో అంతకు మించియో ఉంచుదురు. కండను బిగించి పట్టియున్న నారవంటి పదార్థము ఆ దీర్ఘకాలమున మెల్లమెల్లగా కరగి జిగురుగా మారును. అప్పుడే మాంసము వ్రేళ్లతో త్రుంచదగినంత మెత్తనగును. వేడి పెంచి త్వరపెట్టినచో ఎండిపోవును. కావున ఒక మనుష్యుడు రాత్రియంతయు మేలుకొని నిప్పును కాచవలెను. ఆ రుచి కట్టెలవలన వచ్చునంతగా ఆ మనుష్యుని మెలకువవలనను వచ్చును.

ఈ వంటకు ఒక చరిత్రయు కలదు. బార్బెక్యూ అను మాట కరీబియను దీవుల ఆదిమవాసుల భాషనుండి స్పెయిను దేశస్థుల నోట “బార్బకోవా”గా మారి, పిదప ఆంగ్లమునకు వచ్చినది. నిప్పుపైన మాంసమును ఉంచుటకు కట్టిన కర్రల చట్రము దాని మూలార్థము. అమెరికా దక్షిణ రాష్ట్రములలో గోతులు త్రవ్వి, కట్టెలు మోసి, రాత్రులు నిప్పు కాచినవారు అధికముగా బానిసలుగా నుండిన ఆఫ్రికా సంతతివారు. వారి చేతివంటకు కూలియు లేదు, పేరును లేదు. 1865 జూన్ 19న టెక్సాసులోని గాల్వెస్టను పట్టణమున బానిసల విడుదల ప్రకటింపబడినది. ఆ దినమును నల్లజాతివారు నేటికిని పండుగగా ఆచరించుచున్నారు. ఆ పండుగ విందులో బార్బెక్యూకు ముఖ్యస్థానము కలదు. 2021లో అది దేశమంతటికి ప్రభుత్వ సెలవుదినమైనది. టెక్సాసు మధ్యభాగమున జర్మను, చెక్ జాతులనుండి వలసవచ్చిన మాంసపు వర్తకులు అమ్ముడుపోని మాంసమును పొగబెట్టి అమ్మిరి. ప్రత్తి ఏరు కూలీలు దానిని కాగితములో కట్టించుకొని అక్కడనే తినుచుండిరి. నేటికిని ఆ కొట్లలో మాంసమును త్రాసులో తూచి, పళ్లెమునకు బదులు కాగితము మీదనే పెట్టి ఇచ్చెదరు. మంచి కొట్లలో ఆ రాత్రి సిద్ధపరచినది చెల్లిపోగానే “అయిపోయినది” అను బోర్డు పెట్టి తలుపు మూసివేయుదురు. ఆకలిగొని వచ్చినవానికి ఆ బోర్డు నిరుత్సాహము కలిగించును. అయినను అది నిజాయితీగల బోర్డు.

మేము ఆగిన చోట ఆ బోర్డు లేదు. మాంసము ఆ దినము సిద్ధపరచినదే అని మాత్రము గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసియుండెను. తూచి ఇచ్చిన మాంసము, తెల్లని రొట్టె ముక్కలు, పచ్చి ఉల్లిపాయ, ఉడికించిన చిక్కుడు గింజలు తెచ్చుకొని కూర్చుంటిమి. పాదిరిగారు ప్రార్థించిరి. పశువును సృజించినవానిని, గడ్డిని మొలిపించినవానిని, పొయ్యియొద్ద శ్రమపడినవారిని, దారిలో మమ్మును కాపాడిన కృపను పేరుపేరున తలచుకొనిరి. తరువాత తినబోతిమి. మాంసపు అంచులు అట్టవలె ఎండియుండెను. లోపల క్రొవ్వు గడ్డకట్టి, మరల వేడిచేసిన వాసన వచ్చుచుండెను. అంతలో బల్లలు తుడుచు అమ్మాయి వచ్చి భోజనము ఎట్లున్నదని అడుగగా, యువకుడు చిరునవ్వుతో చాలా బాగున్నదని ఆంగ్లములో జవాబు చెప్పెను. ఆమె అటు తిరుగకముందే మావైపు చూచి తెలుగులో, “నమలలేక దవడలు నొప్పి పుడుతున్నాయి. ఇది నిన్నటిదో మొన్నటిదో! దోచుకుంటున్నారు” అనెను. ఆమెకు తెలుగు రాదు గదా! ఆమెయు చిరునవ్వు నవ్వి వెళ్లిపోయెను.

పిమ్మట అతడు పాదిరిగారితో, “అయ్యగారూ, ఇంత చెడ్డ భోజనానికి అంత మంచి ప్రార్థన చేశారే!” అనెను.

“ప్రార్థన దేవునికి చేశాను బాబూ, కొట్టువాడికి కాదు. కొట్టువాడితో చెప్పవలసింది ఇంకా చెప్పలేదు” అని ఆయన లేచి, యజమానుడు నిలిచియున్న చోటికి వెళ్లిరి. గొంతు పెంచలేదు. గింజలు చాలా రుచిగా ఉన్నవని మొదట చెప్పి, మాంసము ఈ దినముదేనా అని నెమ్మదిగా అడిగిరి. ఆ మనుష్యుడు కొంతసేపు మాటలాడలేదు. నిప్పు కాచు పనివాడు జబ్బుపడి రాలేదనియు, నిన్న మిగిలినదానిని వేడిచేసి అమ్ముచున్నామనియు తుదకు ఒప్పుకొని, మొత్తము సొమ్మును తిరిగి ఇయ్యబోయెను. పాదిరిగారు మాంసపు వెలమాత్రమే పుచ్చుకొనిరి. రొట్టెయు గింజలును తింటిమి గనుక వాటి వెల అతనిదే అనిరి. జబ్బుపడిన పనివాని పేరు అడిగి, అతనికొరకు ప్రార్థింతునని చెప్పి వచ్చి కూర్చుండి మిగిలిన రొట్టె తినిరి.

జరిగినది ఇంతయే. అయితే ఆ ఒక్క బల్లయొద్ద మూడు విధములైన మాటలు పలుకబడినవి. దేవునితో పలికిన మాట ఒకటి, కొట్టు యజమానునితో పలికిన మాట ఒకటి. ఈ రెండును ఎవరికి చెందవలెనో వారికే చేరినవి. మూడవది తెలుగులో పలికిన మాట. అది వినవలసినవానికి వినబడకుండ పలుకబడినది. ఆ మాటలోని విషయము అబద్ధము కాదు. మాంసము నిజముగా చెడ్డదే. అతని పొరపాటు ఆ విషయమునందు లేదు. ఆ మాట త్రిప్పబడిన దిక్కునందు ఉన్నది. పరిశుద్ధ గ్రంథము సణుగుట అని పిలుచునది ఇట్టి మాటనే అని నాకు తోచుచున్నది.

మూలభాషలలోని పదములు ఈ సంగతిని చక్కగా చూపుచున్నవి. క్రొత్త నిబంధనలో సణుగుటకు వాడబడిన గ్రీకు క్రియ “గొంగుజో”. పలుకుచున్నప్పుడే దాని అర్థము వినబడును. మన తెలుగులోని “గొణుగు”నకును దానికిని చుట్టరికము లేకపోయినను, పెదవులు సగము మూసికొని గొంతులోనే మాటలాడు మనుష్యుని రెండు భాషలును ఒకే రీతిగా విన్నవి. ద్వితీయోపదేశకాండము 1:27లో మోషే ఇశ్రాయేలీయులు సణిగిన స్థలమును కూడ చెప్పుచున్నాడు. వారు తమ గుడారములలో సణిగిరి. కీర్తన 106:25 కూడ ఆ గుడారములనే జ్ఞాపకము చేయుచున్నది. అక్కడి హెబ్రీ ధాతువునుండియే సామెతల గ్రంథములో కొండెగానికి వాడబడిన పదము పుట్టినది. సణుగువాడును కొండెములు చెప్పువాడును ఒకే ధాతువు బిడ్డలు. కట్టెలు లేనిచో నిప్పు ఆరిపోవునట్లు కొండెగాడు లేనిచో కలహము అణగునని సామెతలు 26:20 బోధించుచున్నది. రాత్రియంతయు కట్టె వెంబడి కట్టె వేసి నిప్పు కాచు వంటవానిని చూచినవారికి ఆ ఉపమానము ఇంకను తేటగా బోధపడును. సణుగుడు దానంతట అది మండదు. ఎవరో ఒకరు కట్టె వేయుచుండవలెను.

గుడారమనగా గుడ్డతో చేసినదే కానక్కరలేదు. లోపల ఉన్నవారు వినునట్లును, బయట ఉన్నవారు వినకుండునట్లును చేయునది ఏదైనను గుడారమే. పరదేశములో మన మాతృభాష మనకు గుడారము కాగలదు. ప్రార్థనకును పాటకును ఇయ్యబడిన తియ్యని భాషను, ఎదుటివాని ముఖముమీదనే అతనికి తెలియకుండ అతనిని నిందించుటకు వాడుకొనుట సులభము. జీవితమంతయు ఒక భాషలోని మాటను మరియొక భాషవారికి చేర్చు పనిచేయు అనువాదకునికి ఇది నొప్పి కలిగించును. భాష చేర్చుటకు ఇయ్యబడినది, దాచుటకు కాదు.

సంఖ్యాకాండము 11వ అధ్యాయములో ఈ భేదము ప్రక్కప్రక్కనే కనబడుచున్నది. మన్నాను తిరుగట విసరి, రోట దంచి, వండి, రొట్టెలు చేసికొనుచున్న ప్రజలు, ఐగుప్తులోని చేపలను, దోసకాయలను, ఉల్లిపాయలను తలచుకొని ఏడ్చిరి. ఎక్కడ ఏడ్చిరి? ఎవరి గుడారపు ద్వారమునొద్ద వారు ఏడ్చిరి. అదే అధ్యాయములో మోషే కూడ ఫిర్యాదు చేసెను. అతని మాటలు ప్రజల మాటలకంటె మెత్తనివి కావు. ఈ జనమంతటిని నేను కంటినా అని అడిగెను, ఈ భారము మోయుటకంటె చావు మేలనెను. అయినను అతనిమీద దేవుని కోపము రగులుకొనలేదు. దేవుడు భారము పంచుకొనుటకు 70 మంది పెద్దలను ఏర్పరచెను. మోషే మాట కఠినమైనను దేవునివైపు తిరిగినది. ప్రజల ఏడ్పు ఒకరివైపు ఒకరు తిరిగినది. 142వ కీర్తన వ్రాసినవాడు తన ఫిర్యాదును కుండలోని నీరువలె దేవుని సన్నిధిని కుమ్మరించుచున్నాడు. దానిని మనము ప్రార్థన అందుము. అదే ఫిర్యాదును గుడారములో పొరుగువాని చెవిలో పోసినచో దానికి పేరు సణుగుడు.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. భోజనమునకు ముందు మనము చెల్లించు స్తుతి వంటకు ఇచ్చు యోగ్యతాపత్రము కాదు. యూదుల ఆచారమున భోజనపు ప్రార్థన దేవుని స్తుతించుటతో ఆరంభమగును. భూమినుండి ఆహారమును పుట్టించినవాడు స్తుతింపబడును. రొట్టె మెత్తగా ఉన్నదో గట్టిగా ఉన్నదో అందులో రాదు. దేవుడు సృజించిన ప్రతి వస్తువు మంచిదనియు, కృతజ్ఞతతో పుచ్చుకొనదగినదనియు 1 తిమోతి 4:4 బోధించుచున్నది. పశువు దేవుని సృష్టి, దానిని నిన్నటినుండి నిలువయుంచి నేటిదని అమ్ముట మనుష్యుని పని. మొదటిదానికి స్తోత్రము చెప్పినవాడు రెండవదానికి సాక్ష్యసంతకము చేయలేదు. సమస్తమును గూర్చి కృతజ్ఞతాస్తుతులు చెల్లింపవలెనను ఎఫెసీ 5:20 కూడ, ఆ స్తుతులు తండ్రియైన దేవునికి చెల్లవలెనని అక్కడనే తేటపరచుచున్నది. కృతజ్ఞత ఇచ్చినవానికి, సత్యము అమ్మినవానికి. చిరునామాలు వేరుగనుక ఈ రెండు ఉత్తరములు ఒకదానికొకటి అడ్డుపడవు. సణుగుడుకైతే చిరునామాయే లేదు. అది దేవుని స్తుతిని చల్లార్చును, పొరుగువానికి సత్యము చేర్చదు.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది, భక్తుడు రుచిని పట్టించుకొననేల అనునది. ఆకలిగొన్నవారు కోట్లకొలది ఉన్న లోకములో మాంసము మెత్తగా లేదనుట సిగ్గుచేటు కాదా? ఈ మాటలో బరువున్నది. ధనవంతుని వాకిట లాజరు పడియుండగా లోపల రుచులను గూర్చి వాదించుట పాపమే. అయితే రుచి దేవునికి పట్టదనుట వాక్యమునకు విరోధము. కానా వివాహములో విందు ప్రధాని ఆ ద్రాక్షారసమును రుచిచూచి, ఇది మంచిదని గుర్తించెను. ప్రభువు మొదటి సూచకక్రియకు ఒక మనుష్యుని నాలుక సాక్షిగా నిలిచినది. మంచిని మంచి అని గుర్తింపగల నాలుకనే దేవుడు మనకు ఇచ్చెను. ఆ నాలుక చెడ్డను కూడ గుర్తించును.

ఇక్కడ ఒక భేదము గమనింపవలెను. వరమునకును వర్తకమునకును ధర్మము ఒకటి కాదు. సేవకు పోయినప్పుడు ఎదుట పెట్టినవి తినుడని లూకా 10:8లో ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెను. పల్లెలో ఒక విధవరాలు తనకున్న గుప్పెడు బియ్యముతో గంజి కాచి పాదిరిగారికి పెట్టినప్పుడు, ఆ గంజి పలుచనిదని పలుకు నోరు సువార్త చెప్పదగిన నోరు కాదు. సారెపతు విధవరాలు ఏలీయాకు చేసి ఇచ్చిన అప్పము ఎంత మెత్తగా ఉన్నదని ఎవరును అడుగరు. మన్నా కూడ వరమే. అందుచేతనే దానిమీది సణుగుడు అంత ఘోరమైనది. కాని తూచి, వెల కట్టి, నేటిదని వ్రాసి అమ్మినది వరము కాదు, ఒప్పందము. దొంగ త్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1 చెప్పుచున్నది. త్రాసు సరిగానుండి, దానిమీద పెట్టిన సరకు అబద్ధమైనచో, అదియు దొంగ త్రాసే.

రెండవ ఆక్షేపణ, ఇంత చిన్న నష్టమునకు అడుగవలెనా, ఓర్చుకొని పోరాదా అనునది. దారిన పోవు మాకు నష్టము చిన్నదే. మా ప్రక్క బల్లయొద్ద రహదారి పనిచేయు కూలీలు కొందరు, నెత్తిమీది టోపీలు ప్రక్కన పెట్టి, అదే మాంసమును తినుచుండిరి. మేము మరల ఆ దారిని రాకపోవచ్చును, వారు రేపును అక్కడనే తినవలెను. ఆమోసు 8:6లో ప్రవక్త గద్దించినది ధాన్యముతోకూడ చెత్తను కలిపి దరిద్రులకు అమ్మినవారిని. గోదుమలలోని పొట్టు సంగతి ప్రవచనములోనికి ఎక్కినదనగా, అది దేవునికి చిన్న సంగతి కాదు. చెడ్డ సరకును మౌనముగా మ్రింగి “బాగున్నది” అని చెప్పి పోవువాడు ఓర్పుగలవాడుగా కనబడును. నిజమునకు అతడు తన తరువాత వచ్చువాని పళ్లెములో అదే ముక్కను వడ్డించి పోవుచున్నాడు.

అయితే సత్యము చెప్పుటకును ఒక క్రమము కలదు. వినవలసినవానికే చెప్పవలెను. బల్లలు తుడుచు అమ్మాయి మాంసమును వండలేదు, ధరను నిర్ణయింపలేదు. ఆమెమీద కోపగించుట న్యాయము కాదు. రాత్రులు నిప్పు కాచినవారి కష్టము ఎన్ని తరములు కూలి లేకుండ పోయినదో ఎరిగినవాడు పనివారియెడల మరింత జాగ్రత్తగా మాటలాడును. ఉన్న మంచిని దాచకుండ చెప్పవలెను, గింజలు రుచిగా ఉన్నవనుటయు సత్యములో భాగమే. నష్టమునకు మించి పుచ్చుకొనరాదు. తప్పిదము చేసిన సహోదరుని నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు గద్దింపుమని మత్తయి 18:15లో ప్రభువు సెలవిచ్చెను. అది సంఘములోని సహోదరుని గూర్చిన ఆజ్ఞ. అయినను అందులోని న్యాయము అంగడిలోను చెల్లును. యోహాను 21వ అధ్యాయములో తిబెరియ సముద్రతీరమున ప్రభువు నిప్పులు రాజేసి, వాటిమీద చేపను ఉంచి, రొట్టెతోకూడ శిష్యులకు పెట్టెను. అక్కడ నిప్పులకు వాడబడిన “అంథ్రాకియ” అను గ్రీకు పదము క్రొత్త నిబంధనలో మరి ఒక్క చోటనే కనబడుచున్నది. అది యోహాను 18:18లో, పేతురు చలి కాచుకొనుచు ప్రభువును ఎరుగననిన చోట. పేతురుతో మాటలాడవలసిన సంగతి ప్రభువునకు ఉన్నది. ఆయన దానిని మిగిలిన శిష్యుల చెవులలో గొణుగలేదు. మొదట భోజనము పెట్టెను, వారు తినిన తరువాత పేతురునే అడిగెను.

ఈ పాఠము మన సంఘములకు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఆదివారము ఆరాధన ముగిసి ఇంటికి చేరిన తరువాత, అనేక కుటుంబములలో అన్నములో నంజుకొనునది ఆ ఉదయపు ప్రసంగమే. “ఇది పోయిన సంవత్సరపు ప్రసంగమే, మరల వేడిచేసి వడ్డించినారు” అని తండ్రి అనును. పిల్లలు విందురు. గుడి వాకిట పాదిరిగారి చేయి పట్టుకొని “చాలా ఆదరణ పొందితిమి” అనిన నోటినే వారు ఉదయమున చూచిరి. ఆ పిల్లలు పెద్దవారై సంఘము విడిచిపోయినప్పుడు కారణమును ఎక్కడెక్కడనో వెదకుచుందుము. ప్రసంగము నిజముగా నిన్నటిదే కావచ్చును. అట్లయినచో ఒక సాయంకాలము ఆయన ఇంటికి వెళ్లి, ఆయన చెప్పినవాటిలో మేలు చేసినదానిని మొదట చెప్పి, “అయ్యగారూ, మాకు ఇంకను లోతుగా వాక్యము కావలెను” అని చెప్పగలవారు సంఘమునకు స్నేహితులు. బహుశః ఆ ఇంటిలో నిప్పు కాచువాడు జబ్బుపడియున్నాడేమో, అప్పుడే మనకు తెలియును.

తుదకు, చెడ్డ భోజనమును గూర్చి ఫిర్యాదు చేసినవారిలో అందరికంటె గొప్పవాడు దేవుడే. మలాకీ 1వ అధ్యాయములో ఆయన తన బల్లమీద గ్రుడ్డిదానిని, కుంటిదానిని, రోగముగలదానిని తెచ్చి పెట్టుచున్న యాజకులను చూచి, దీనిని మీ అధికారికి ఇచ్చి చూడుడి, అతడు సంతోషించునా అని అడుగుచున్నాడు. పరలోకములో ఎవరితోనో ఆ మాట చెప్పుకొనలేదు, వారితోనే చెప్పెను. లవొదికయ సంఘముతోను ఆలాగుననే మాటలాడెను. ఆ పట్టణమునకు ఒక ప్రక్క హియెరాపొలి వేడినీటి ఊటలును, మరియొక ప్రక్క కొలొస్సయి చల్లని నీళ్లును ఉండగా, దాని నీళ్లు మాత్రము గొట్టములలో వచ్చునప్పటికి నులివెచ్చగా ఉండెడివని వ్యాఖ్యాతలు వివరింతురు. ప్రకటన 3:16లో మన బైబిలు ఉమ్మివేయుట అని అనువదించిన గ్రీకు మాటకు కక్కివేయుట అనియే అర్థము. దేవుడు “బాగున్నది” అని చిరునవ్వు నవ్వి వెళ్లిపోలేదు. అయితే నాలుగు వచనముల తరువాత, ఆయన ఆ సంఘపు తలుపునొద్దనే నిలిచి తట్టుచున్నాడు. తెరచినవానియింట ప్రవేశించి అతనితో భోజనము చేయుదునని చెప్పుచున్నాడు. కక్కివేయదగినంతగా తనను నిరాశపరచినవారి బల్లయొద్దకే ఆయన మరల రాగోరుచున్నాడు.

ప్రియ పాఠకులారా, గోడమీది పలకలోని అతిథి ఈయనయే. ఆయన ఎదుట స్తుతి స్తుతిగాను, సత్యము సత్యముగాను ఉండనిత్తము. ఆహారము నిమిత్తము దేవునికి హృదయపూర్వకముగా స్తోత్రము చెల్లింతము. మనుష్యునితో చెప్పవలసినది ఉన్నచో లేచి, అతనియొద్దకు వెళ్లి, ప్రేమతో చెప్పుదము. చెప్పుటకు వెళ్లలేనిచో, ఆ మాటను గుడారములోను పలుకకుందుము. సజీవుడైన ప్రభువు తన బల్లయొద్ద మన నోళ్లను అట్టి మాటలకు సిద్ధపరచును గాక. ఆమేన్.